సరుగుడు కొయ్యలపై కీర్తి

1905వ సంవత్సరమున బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి అను ఇరువురు పెద్దలు నెల్లూరు జిల్లా యందలి రాగిరేకులను, రాతిశాసనములను తాలూకాల వారీగా ఎత్తి వ్రాయించి మూడు సంపుటములుగా ప్రకటించిరి. అందు గూడూరు తాలూకాకును గౌరవప్రదమైన స్థానమే దక్కినది. చెరువుగట్టున ఒరిగిన రాయి యైనను, గుడిగోడలో ఇమిడిన రాయి యైనను, నోరు మెదిపినచో చాలు, వారు చెవియొగ్గి విని వ్రాసికొనిరి. ఆ మహనీయులు సకాలమున స్వర్గస్థులగుటయే మేలైనది. లేనియెడల నేడు వారు మరల గూడూరు జంక్షనులో బండి దిగి, టవర్ క్లాకు కూడలి వరకు నడచివచ్చిన పక్షమున, నాలుగవ సంపుటమునకు చాలినంత సామగ్రి ఆ కొలది దూరములోనే ఎదురుపడగా, దానినంతను ఎత్తి వ్రాయుటకు ఆయుర్దాయము చాలదని గ్రహించి, మరుసటి బండికే మదరాసు మరలిపోయి యుందురు.

ఈ నవీన శాసనమునకు ఫ్లెక్సీ యని పేరు. దీనికి శిల అక్కరలేదు, శిల్పి అక్కరలేదు, కవి అసలే అక్కరలేదు. పాలియెస్టరు దారపు వలకు ఇరువైపులను పీవీసీ పూత పూసిన వస్త్రమువంటి పదార్థముపై, ఎవరికి ఎంత కీర్తి కావలెనన్న నంత కీర్తిని యంత్రము చూచుచుండగనే ముద్రించి యిచ్చును. వెల మాత్రము చదరపు అడుగుల లెక్కన కట్టుదురు. ఇక ఆ కీర్తిని నిలువబెట్టుటకు కావలసిన సరుగుడు కొయ్యలకు మన తీరమున కొదువ యేమున్నది? వాకాడు, కోట ప్రాంతముల ఇసుకనేలలలో పెరిగి, పట్టణపు మేడలకు పరంజాలుగా తరలిపోవుచు నాలుగు ఇండ్లు లేచుటకు తోడ్పడిన ఆ కొయ్యలు, ఇప్పుడు ఊరిలోనే ఉద్యోగము సంపాదించి, రేపు ఏ నాయకుని నడుమునకు ఆసరాగా నిలువవలసి వచ్చునో యెరుగక వీధి మొగలయందు పడియున్నవి.

ఫ్లెక్సీ రచనకు ఒక శాస్త్రము కలదు. అది అలంకారశాస్త్రము కంటె కఠినమైనది. పై వరుసలో చిన్న చిన్న వలయములందు దివంగతుడైన నాయకుడు, అధినాయకుడు, అధినాయకుని కుమారుడు యథాక్రమముగా వెలయుదురు. నడిమి భాగమున నిలువెత్తు విగ్రహముగా స్థానిక నాయకుడు. ఆయన భుజమునకు ఒక్క అంగుళము మాత్రము తగ్గి, చేతులు జోడించియు జోడింపనట్లుగా, ఆ ఫ్లెక్సీకి సొమ్ము చెల్లించినవాడు. అడుగున పాస్‌పోర్టు ఫోటోల పంక్తి: జన్మలో ఒక్కసారియైనను ఒకే బల్లవద్ద కూర్చుండి టీ త్రాగి యెరుగని పదిపన్నిద్దరు, అచ్చట ఒకరి చెవినొకరు ఒరసికొనుచు, "మిత్రబృందము" అను పేర ఐకమత్యముతో ప్రకాశింతురు. ఎవరి ముఖము ఎవరి ముఖముకంటె ఎన్ని అంగుళములు పెద్దదిగా నుండవలెను, ఎవరిని కుడివైపున నిలిపిన ఎవరు అలుగుదురు అను విషయములపై ముద్రణశాలలలో అర్ధరాత్రి దాటువరకు జరుగు చర్చలను వినినవారికి, ఈ రాష్ట్రమునకు రాజధాని యెక్కడ ఉండవలెనన్న చర్చకూడ ఇంత సూక్ష్మదృష్టితో సాగలేదని తోచక మానదు.

నాయకుని భంగిమనుగూర్చి ఒక మాట. ఆయన తెల్లని చొక్కా తొడిగి, చెవియొద్ద సెల్‌ఫోను నుంచుకొని, చూపులు దిగంతమున నిలిపి, మనవైపునకు నడచి వచ్చుచుండును. వెనుక సింహము గర్జించుచుండును. ఆ ఫోనులో ఆయన ఎవరితో సంభాషించుచున్నాడో, ఆ సింహమునకు ఆయనపై కోపమో అనురాగమో, చిత్రకారుడు చెప్పడు. వీధికుళాయికి వారము దినములుగా నీరు రావడము లేదని మనవి చేసికొనుటకు ప్రయత్నించినవారికి మాత్రము ఆ ఫోను ఎన్నడును దొరకలేదు. బహుశః సింహమే ఎత్తుచున్నదేమో.

బిరుదములందురా? పూర్వము మహారాజాధిరాజులకును, మహామండలేశ్వరులకును గల బిరుదావళి నాలుగు పంక్తులకు మించినచో, చరిత్రకారులు ఈ ప్రభువు కొంచెము అతిశయోక్తి ప్రియుడని సందేహించెడివారు. ఇప్పుడు ఒక వార్డులో పోటీచేయ నెంచుచున్నట్లు పొరుగువారితో అనినవాడును యువకిశోరమే. పంచాయితీ కాంట్రాక్టు దొరకినవాడు అభివృద్ధి ప్రదాత. దొరకనివాడు పేదల పెన్నిధి. రాజునకు బిరుదము రావలెనన్న ఒక యుద్ధమైనను గెలువవలసి యుండెను, ఓడినచో ఆ బిరుదమును గెలిచినవాడు ఊడబెరికికొనిపోయెడివాడు. ఫ్లెక్సీపై బిరుదము ఎన్నికలలో ధరావతు పోయినను చెక్కుచెదరదు.

అంతకంటె ముఖ్యమైన భేదము వేరొకటి యున్నది. తిక్కన సోమయాజిని మంత్రిగా గలిగిన మనుమసిద్ధి ఏలిన సీమ మనది. ఈ సీమ రాతిశాసనములను తిరుగవేసి చూడుడు: ఏ శకవర్షమున, ఏ తిథినాడు, ఏ దేవరకు, ఎవరు, ఏమి యిచ్చిరో అందుండును. చెరువుక్రింద ఇంత మడి, గుడిలో అఖండదీపమునకు ఇన్ని గొర్రెలు, నాలుగు దిక్కుల ఎల్లలు, సాక్షులు. తుదకు, ఈ ధర్మమును చెరచినవాడు ఎన్నివేల యేండ్లు పురుగై పుట్టునో ఆ శాపము. అనగా మనుష్యుడు తన పేరు రాతిపై చెక్కించుకొనవలెనన్న, ముందుగా ఏదో ఒకటి ఇచ్చివేయవలసి యుండెను. పేరు దానమునకు తోక మాత్రమే. నేటి ఫ్లెక్సీని ఆ చివరనుండి ఈ చివరకు చదివినను, ఇచ్చిన వస్తువు శుభాకాంక్షలు తప్ప మరియొకటి కానరాదు. ఆ మహానుభావుడు చేసిన ఘనకార్యము పుట్టుట. అదియును ఏ సంవత్సరమున పుట్టెనో వ్రాయరు. ఏలయన ఆయన గత పదునైదేండ్లుగా యువనేతయే. భావికాలపు శాసనపరిశోధకులు తేదీ లేని ఈ జననములను చూచి, ఇరువదియొకటవ శతాబ్ది ప్రారంభమున గూడూరు ప్రాంతమున ప్రతిదినమును ఎవరో ఒక మహాపురుషుడు అవతరించుచుండెనని, అయినను ఆ ఊరి కాలువలు మాత్రము పారుట లేదని, ఈ రెంటికి సమన్వయము కుదురక తలలు పట్టుకొందురు.

"ఇదంతయు ప్రజాభిమానము, అభిమానమును ఆపుటకు మేమెవరము?" అని నాయకులు వినయముతో సెలవిత్తురు. ఈ వినయమే నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది. ఫ్లెక్సీ దారిన పోవువాని కొరకు కట్టినదని ఇన్నాళ్లును మనమే పొరబడుచున్నాము. నిమ్మకాయల బస్తా మార్కెట్టుకు తోలుకొనిపోవు రైతుకు గాని, రాపూరు బస్సు తప్పిపోయి పరుగెత్తు విద్యార్థికి గాని, ఆ అడుగువరుసలోని ముఖములతో నేమి పని? వారిని అభిమానింపుమని వీరిని అడిగినవారును లేరు. అది యథార్థమునకు ఒక్కరిని ఉద్దేశించి వ్రాసిన అర్జీ. ఆ యొక్కరు మూయబడిన అద్దముల కారులో, తల తన ఫోనులోనికి వంచుకొని, ఆ కూడలిని అరనిమిషములో దాటిపోవును. ఆయన తల యెత్తకపోవచ్చునన్న భయముచేత, అర్జీదారుడు కొయ్య పాతిన వెంటనే దానికొక ఛాయాచిత్రము తీసి, వాట్సాప్ ద్వారమున ఆయనకు, ఆయన అంతరంగికునకు, అంతరంగికుని బావమరదికి పంపుకొనును. అంతటితో ఫ్లెక్సీ పుట్టిన ప్రయోజనము నెరవేరినది. ఆ పావుగంట పిదప అది నిలుచు రెండు నెలలును వృథాకాలమే. ఆ వృథాకాలమును మాత్రము మన నడిరోడ్డున, మన కన్నులమీద, మన మునిసిపాలిటీ స్తంభమునకు కట్టి గడిపింతురు. కాగితముపై వ్రాసి పోస్టులో వేయదగిన విన్నపమునకు ఇరువది అడుగుల బహిరంగస్థలము నాక్రమించుటయే ఈ అభిమానమునకు అర్థము.

రాజకీయములనే అనుటయు న్యాయము కాదు. ఓణీల వేడుకకును ఫ్లెక్సీ, గృహప్రవేశమునకును ఫ్లెక్సీ; ఇంటరు ఫలితములు వచ్చిననాడు తపాలబిళ్లలవలె పేర్చిన పిల్లల ముఖములతో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని పలవరించు కళాశాలల ఫ్లెక్సీలు. ఇవన్నియు సహింపదగినవే. కన్నీటి నివాళి ఫ్లెక్సీని మాత్రము నేను సహింపలేను. అందు పోయినవాడు ఒక మూల పూలదండలో నుండగా, నివాళి యర్పించువాడు నడుమ నల్లని అద్దములు పెట్టుకొని నిలిచియుండును. దుఃఖించుచున్నవాడు ఎవడో, దుఃఖహేతువు ఎవడో పోల్చుకొనుటకు ఒకటికి రెండుమారులు చదువవలెను.

ఈ మతమునకు అభిషేకవిధియు కలదు. ప్రభుత్వము ఏదేని పథకమును ప్రకటించినంతనే, ఫ్లెక్సీలోని నాయకునకు క్షీరాభిషేకము జరుగును. శివలింగముపై పోసిన పాలు సోమసూత్రము మీదుగా పోయి తీర్థమగును. పీవీసీపై పోసిన పాలు ఒక్క చుక్కయైన లోనికి ఇంకక, నాయకుని చిరునవ్వు మీదుగా, చొక్కా మీదుగా జారి, అడుగున నున్న మిత్రబృందమును తడిపి, కాలువలో కలియును. ప్రజల సొమ్ము పైనుండి క్రిందికి ప్రవహించు తీరునకు ఇంతకంటె ఉచితమైన ప్రదర్శన యెవరును చేయజాలరు గనుక, ఈ విధిని నేను ఆక్షేపింపను.

కాని గాలి ఆక్షేపించును. మనది ఈశాన్య ఋతుపవనముల సీమ. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బంగాళాఖాతమున పుట్టిన ప్రతి వాయుగుండమును మన గడపవైపే తొంగిచూచును. 2021 నవంబరులో పంబలేరు పొంగి, జాతీయరహదారిపైకే వచ్చినది. అట్టి ఊరిలో, ఒక్క మేకు ఊడినచో తెరచాపవలె ఎగురు ఇరువది అడుగుల ప్లాస్టికు గుడ్డను వాహనములు పోవు దారిపై నిలుపువాని ధైర్యమును ఏమనవలెను? మనకు దక్షిణమున కూతవేటు దూరముననే యున్న చెన్నైలో, 2019 సెప్టెంబరు 12వ తేదీన, పల్లికరణై వద్ద రోడ్డు నడుమ కట్టిన ఒక పెండ్లి బ్యానరు స్కూటరుపై పోవుచున్న యువతి మీద పడినది. ఆమె క్రింద పడగా వెనుకనుండి వచ్చిన నీటి ట్యాంకరు ఆమె ప్రాణము తీసినది. ఇరువదిమూడేండ్ల ఇంజనీరు. ఆ బ్యానరులో ఆశీర్వదింపబడిన వధూవరులెవరో ఆమె యెరుగదు.

కట్టించుకొనువారి సంగతి యిటులుండ, కట్టువారి సంగతి ఇంకను దారుణము. 2020 సెప్టెంబరు 1 రాత్రి, చిత్తూరు జిల్లా శాంతిపురము మండలమున, మరునాటి తమ అభిమాన నటుని పుట్టినరోజునకు బ్యానరు నిలుపుచు ముగ్గురు యువకులు విద్యుత్ తీగలు తగిలి మరణించిరి. 2023 జూలైలో నరసరావుపేట వద్ద మరియొక నటుని పుట్టినరోజునకు ఇద్దరు విద్యార్థులు అదే విధముగా పోయిరి. 2024 నవంబరులో ఉండ్రాజవరము మండలము తాడిపర్రులో నలుగురు. ఇందొకరును తమ ముఖము ఫ్లెక్సీ నడుమ వేయించుకొనదగిన వయస్సునకు రాలేదు. వారందరు నిచ్చెన యెక్కువారే. గూడూరు, సైదాపురము గనుల అభ్రకము, మన పెద్దలు కాకిబంగారమని పిలిచినది, విద్యుత్తును తనలోనుండి పోనీయదను ఒక్క గుణముచేత సముద్రములు దాటి దేశదేశముల యంత్రములలో చేరినది. విద్యుత్తును అడ్డగించు వస్తువును లోకమునకు అమ్మిన సీమ, తీగలక్రింద ఇనుపచట్రములు ఎత్తుటకు తన పిల్లలను పంపవచ్చునా యని ఏ అభిమానసంఘపు అధ్యక్షుడైన ఒకనాడు యోచించునేమో చూడవలెను.

ఫ్లెక్సీకి ప్రాణములు తీయు శక్తియే కాదు, ప్రాణమును కలదని మన పోలీసుస్టేషనుల నడిగిన తెలియును. రాత్రివేళ ఎవరో ఒక ఫ్లెక్సీని చించిరనుకొనుడు: తెల్లవారునప్పటికి ధర్నా, మధ్యాహ్నమునకు ఇరువర్గముల ఫిర్యాదులు, సాయంకాలమునకు పికెటు, మరునాటి పత్రికలో "ఉద్రిక్తత" అను శీర్షిక. పూర్వము ధర్మమును చెరచినవాడు పురుగై పుట్టునని శపించి ఊరకుండెడివారు. ఇప్పుడు ముఖమును చింపినవాడు ఏ సెక్షను క్రింద పుట్టునో వెంటనే తేలిపోవలెను. చించినది మనుష్యుడా, గాలియా, ఆకలిగొన్న గేదెయా యని విచారించు ఓపిక ఎవరికి? ఆ వీధిలో ఒక వృద్ధురాలు గోతిలోబడి కాలు విరుగగొట్టుకొనినప్పుడు ఈ ధర్నాలో పదవవంతైన జరిగియుండినచో, గోయి పూడియుండెడిది.

దారిసూచికలను మూసివేయుట మరియొక ముచ్చట. 2022 ఏప్రిల్ 4న గూడూరును నెల్లూరు జిల్లానుండి తీసి తిరుపతి జిల్లాలో చేర్చిరి. ఏ జిల్లాలో ఉన్నామన్న తికమక మనకు ప్రభుత్వమువారు కలిగించినదైనను, ఏ దారి నెల్లూరునకు, ఏ దారి తిరుపతికి అన్న తికమక మాత్రము నాయకుల జన్మదినములు కలిగించినదే. బాణపు గురుతును ఒక యువకిశోరపు చెవి కప్పివేయగా, పరాయి ఊరి లారీ డ్రైవరు క్రిందికి దిగి, "అన్నా, ఈయన ఎటు చూస్తుంటే అది ఏ ఊరు?" అని అడిగినచో అతనిని తప్పుపట్టరాదు.

చట్టములు లేవా యందురేమో. కావలసినన్ని యున్నవి. బహిరంగస్థలములను వికృతపరుచుటను నివారించు ఆంధ్రప్రదేశ్ చట్టము 1997లోనే వచ్చినది. పొరుగున మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి యొకరు 2017 అక్టోబరులో, బ్రతికియున్నవారి బొమ్మలు ఫ్లెక్సీలపై ఉండరాదని ఉత్తరువు చేసిరి. పిదప ద్విసభ్య ధర్మాసనము దానిని కొట్టివేయుటచే, తమిళ నాయకులు ఫ్లెక్సీ కొరకు ప్రాణత్యాగము చేయవలసిన అవసరము తప్పినది. మన రాష్ట్రమున 2022 ఆగస్టు 26న విశాఖపట్టణమున, సముద్రతీరమును శుభ్రపరుచు సందర్భమున, అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డిగారు ప్లాస్టికు ఫ్లెక్సీలను నిషేధించుచున్నట్లు ప్రకటించిరి. నవంబరు 1 నుండి అమలనిరి. పిదప 2023 జనవరి 26కు వాయిదా యనిరి. ఆ తేదీయు వచ్చినది, పోయినది, ప్రభుత్వమును మారినది, ఫ్లెక్సీ మాత్రము రంగు మార్చుకొని అదే కొయ్యలపై నిలిచినది. నిషేధించినందులకు కృతజ్ఞతగా క్షీరాభిషేకము చేయ నెంచిన అభిమానులకు, దేనిపై చేయవలెనో తోచక కొంతకాలము గడచి యుండును.

నిషేధమన్నప్పుడెల్ల ముద్రణశాలలవారి జీవనోపాధి ప్రశ్న తలయెత్తును. అది పరిహాసము చేయదగినది కాదు. అప్పుతెచ్చి యంత్రము కొనిన కుర్రవాడు వీధిని పడరాదు. కాని ఈ యంత్రము వచ్చిననాడు, కుంచె పట్టి గుడ్డబ్యానరులపై, గోడలపై అక్షరములు తీర్చిన చిత్రకారులు ఊరూర నుండిరి. వారి "క్ష"లో ఒక వయ్యారము, "శ్రీ"లో ఒక విలాసము ఉండెడిది. వారి పొట్టకొట్టినప్పుడు ఏ ఉత్తరువును మూడునెలలు వాయిదా పడలేదు, ఏ సంఘమును వినతిపత్ర మీయలేదు. గుడ్డపై ముద్రింపుడు, గుడ్డపై వ్రాయింపుడు అని నేటివారిని కోరుట, వారి అన్నము లాగుకొనుట కానేరదు.

న్యాయముగా ఫ్లెక్సీ పక్షమున చెప్పదగినదొక్కటి కలదు, దాని ఉత్తరజీవితము. దింపిన పిదప అది పాక కప్పుపై వానను ఆపును, ఆరబెట్టిన వడ్లపై మంచును ఆపును, నిమ్మకాయల రాశిపై ఎండను ఆపును. నాయకుడు బోర్లపడి, అక్షరములు లోపలివైపునకు తిరిగి, ఎవరికిని కనబడక ఉన్న ఆ స్థితిలోనే ప్రజాసేవ అను మాటకు మొదటిసారి తగియుండును. తగులబెట్టినచో మాత్రము ఆ పీవీసీ పొగలో హైడ్రోజన్ క్లోరైడు వెలువడి, గొంతుకలు మండించును. కాబట్టి చెత్తకుప్పల వద్ద దానికి నిప్పుపెట్టువారు, నాయకుని బ్రతికియున్నప్పటికంటె ఎక్కువ ప్రమాదకరునిగా చేయుచున్నారని తెలిసికొనవలెను.

ఇక "సిబ్బంది చాలరు, ఒత్తిళ్లు ఎక్కువ, దింపుట సాధ్యము కాదు" అను మునిసిపల్ కార్యాలయముల మాట. ఈ మాటను నేను 2024 మార్చి 16 వరకు నమ్మితిని. ఆనాడు భారత ఎన్నికల సంఘము ఎన్నికల షెడ్యూలును ప్రకటించినది. ప్రకటించిన క్షణమునుండి నియమావళి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ప్రభుత్వ భవనములపైని ప్రచారచిత్రములు 24 గంటలలో, బస్టాండులు, రోడ్లు, విద్యుత్ స్తంభములు మొదలగు బహిరంగస్థలములపైనివి 48 గంటలలో, ప్రైవేటు ఆస్తులపై అక్రమముగా నున్నవి 72 గంటలలో తొలగింపవలెను. ఆ తొలగింపులో అధికారపక్షమని లేదు, ప్రతిపక్షమని లేదు. తొలగింప వీలులేని విగ్రహములకు ముసుగులు వేసిరి. ఒక్క ధర్నా జరుగలేదు. అభిమానము గాయపడినదని ఒక్కరును వైద్యశాలలో చేరలేదు.

కావున గూడూరు పురజనులారా, వచ్చు జన్మదినమునకు కొయ్యలు పాతుట చూచినప్పుడు కోపపడకుడు, చింపకుడు, కేసులలో చిక్కకుడు. మునిసిపల్ కమిషనరుగారికి ఒక తెల్లకాగితముపై అర్జీ వ్రాసి, ప్రతి ఫ్లెక్సీ అడుగున అనుమతి సంఖ్యయు, తొలగింపు తేదీయు అచ్చువేయింపుమనియు, లేనిదానిని 48 గంటలలో దింపుమనియు కోరుడు. ఆనాడు నిచ్చెనలెక్కిన సిబ్బందియే ఈనాడును జీతము తీసికొనుచున్నారు. ఆ నిచ్చెనలును కార్యాలయముననే యున్నవి. 1997 నాటి చట్టమును ఇంకను రద్దు కాలేదు.